రంగు గీసిన కొస

ఎరుపా, పసుపా, ఆ కడ్డీ కొసకు గీసిన రంగు ఎంత తల్చుకున్నా గుర్తు రావడం లేదు, షూటింగ్ రేంజ్‌లో నా ముందు బల్ల దగ్గర జనార్ధనరావు అంకుల్ గొట్టం మూతిలో మందు పోస్తున్నారు, మా మంచిర్యాల వైపు భర్మార్ అంటారే, మూతిలోంచి దట్టించే తుపాకి, క్రైస్ట్‌చర్చ్‌లో తన గరాజ్‌లో రెండేళ్లు కూర్చుని కట్టుకున్నారు, గొట్టం కొన్నదే, పరీక్షకు నిలిచినదే, దాని వెనక మూసే మరబిరడా మాత్రం నాది, నా లేత్ మీద నేను తీసింది, అది ఊడిందా, నేరుగా ఆయన కుడి కంట్లోకే, ఉక్కు నువ్వే ఏరమ్మా గిరిజా, నీకు తెలిసినంత ఈ ఊళ్లో ఎవరికి తెలుసు అన్నారు, తెలుసు, వర్క్‌షాప్‌లో గొంతు చించుకునేది నేనే కదా, కడ్డీని రంగు లేని కొస నుంచే కొయ్యాలి, రంగున్న కొస చివరిదాకా మిగలాలి, రంగు పోతే అది ఏ ఉక్కో దేవుడికి కూడా తెలియదు, గుర్తు లేని ముక్క నా లేత్ ఎక్కదని ఫోర్‌మన్ మొహం మీదే చెప్పి రోజంతా మెషీన్లు ఆపించింది నేనే, ఆ నేనే పోయిన శుక్రవారం బస్సు టైమైపోతోందని తుక్కు డబ్బాలోంచి తళతళలాడే తుంట ఒకటి లాగాను, రెండు కొసలూ బోసి, గుర్తు రావడానికి అసలు రంగుంటేగా.

ఎంత హాయిగా తెగిందో, అదే నా భయం, గట్టి ఉక్కయితే రిబ్బన్లలా చుట్టలు తిరుగుతూ రావాలి, ఇది ఉప్మా రవ్వలా రాలింది, పని సులువు కావాలని సీసం కలిపిన ఉక్కే అలా రాలుతుంది, అది పేలుడు దెబ్బకు నిలవదు, చేతికి అప్పుడే తెలిసింది, తెలిసీ నున్నగా వచ్చిందని మురిసిపోయాను, చూశావా అమ్మాయ్, నీ బిరడా ఎలా బిగిసిందో, నా పెళ్లిలో మూడు ముళ్లు కూడా ఇంత గట్టిగా పడలేదు అంటున్నారు అంకుల్, నలభై ఏళ్లుగా లాగుతూనే ఉన్నా, ఊడి చస్తేనా అని వెనక కుర్చీలోంచి ప్రభావతి ఆంటీ, ఇద్దరూ నవ్వుతున్నారు, ఊడి చస్తేనా.

గట్టిదేనేమో, మొదటి గుండుకు ఏమీ కాదేమో, పదో గుండుకో, యాభయ్యో గుండుకో, అప్పటికి నేను పక్కన ఉండనుగా, ఛీ, ఇవే మాటలు ఫోర్‌మన్ అంటే పదిమందిలో కడిగిపారేశాను, అంకుల్ దట్టించే కర్ర బయటికి లాగారు, కళ్లద్దాలు సర్దుకున్నారు, చిటికెన వేలి గోరంత రాగి టోపీ, అది పెడితే ఇక పేల్చడమే, ఈ రేంజ్‌లో సీజ్ ఫైర్ అని ఎవరు అరిచినా, నిన్న వచ్చినవాళ్లు అరిచినా, అందరూ ఆగిపోవాల్సిందే, ఒక్క కేక చాలు, రోజూ అరిచే నోరే, కానీ సోమవారం ఫోర్‌మన్ నవ్వుతాడు, గిరిజ కూడా తుక్కు డబ్బాలో చెయ్యి పెట్టిందట అని, ఆ నవ్వు ఎంత స్పష్టంగా కనిపిస్తోందో, పళ్లతో సహా, అంకుల్ కన్ను మాత్రం కనిపించడం లేదు, రెండడుగుల దూరంలో ఉన్న కన్ను, అంటే ఇంతసేపూ నేను వణికింది ఆ నవ్వుకే, సీజ్ ఫైర్, సీజ్ ఫైర్, అంకుల్, ఆగుండ్రి, ఆ టోపీ పెట్టకుండ్రి, ఆ ఉక్కు ఏందో నాకు తెల్వదు.