మండీ రెండో నంబరు

టిఫినుకు ఉగ్గాని చేసేటప్పుడు బొరుగులు, అంటే మరమరాలు, నీళ్ళలో వేశాక పక్కకు కదలకూడదు. రెండు నిమిషాలు మరిచిపోతే ముద్దవుతాయి, తొందరపడి తీస్తే నోట్లో గరగరమంటాయి. రాజశ్రీ గిన్నె మీదికి వంగి పిడికిళ్ళతో బొరుగులు పిండుతూ ఉండగా, హాల్లో పేపరు తిప్పుతున్న భరత్ మామూలుగా అన్నాడు.

"రేపట్నుంచి నీ నంబరు శేషప్పకిస్తాండాం. ఎమ్మిగనూరులో కొత్త మండీ తెరుస్తాండాం గదా, ఆడికి రైతులకు తెలిసిన నంబరొకటి గావల్ల. నీ గ్రూపులోంచి నేనే బయటికొచ్చేస్తాలే. నువ్వేం జేయనక్కరలేదు."

నువ్వేం చేయనక్కరలేదు. పదకొండేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఆమెతో ఆ మాట అనడం ఇదే మొదటిసారి, మహానుభావుడు. వాకిలి ఊడ్చేటప్పుడు అనలేదు, పాపకు జ్వరమొచ్చిన రోజున అనలేదు, పత్తి సీజన్లో పన్నెండుమందికి రెండు పూటలా రొట్టెలు తట్టేటప్పుడు అంతకన్నా అనలేదు. ఆమె చేతిలో ఉన్న ఒకే ఒక్కదాన్ని తీసుకునేటప్పుడు మాత్రం శ్రమ కలగకుండా చూసుకుంటున్నాడు.

"మరి నాకు?" అంది రాజశ్రీ.

"నీకు ఇంకోటి జూస్తాంలే, పండగైపోనీ" అన్నాడు భరత్. ఏ పండగో చెప్పలేదు.

అసలు ఆ నంబరు ఆమెదనడమే తప్పు. పెళ్ళయి ఆదోనికి వచ్చినప్పుడు బెంగుళూరు సాఫ్ట్‌వేరు ఉద్యోగంతో పాటు అక్కడి నంబరూ పోయింది. కొత్తది తీసుకుంటానంటే అత్త అమృతవల్లి, "ఇంట్లో ఉండే ఆడమనిషికి వేరే నంబరేంటికమ్మా, ఎవరితో మాట్లాడల్ల? మండీది రెండోది ఊరికే పడుండాది, అది పెట్టుకో" అంది. కొత్త నంబరుకు కావలసిన ఆమె ఆధార్ కార్డు మామ గోవిందయ్య బీరువాలోకి పోయింది, భద్రంగా ఉంటుందని. మండీ రెండో నంబరంటే ఆ ఇంటివాళ్ళు రైతుల దగ్గర పత్తి కొనే మండీ బోర్డు మీద పెయింటుతో రాసిన నంబరు. కోసిగి నుంచి, హొళగుంద నుంచి రైతులు దానికి చేసి, "అన్నా, పత్తి ఎట్ల పోతాంది ఈపొద్దు?" అని అడుగుతారు. "సారు మండీలో ఉండారప్పా, ఆడికి చెయ్యండి" అంటుంది రాజశ్రీ, పోపు మాడకుండా గరిటె తిప్పుతూ. మెసేజీల యాప్‌లో ఆ నంబరుకు పేరు భరత్. ఫొటోలో ఉన్నదీ భరతే, మీసం దువ్వుకుని మరీ. మార్చడానికి వీల్లేదు, రైతులు తికమక పడతారట. పైగా మండీ కంప్యూటర్లో పొద్దస్తమానం ఆ యాపే తెరిచి ఉంటుంది. ఎమ్మిగనూరు నుంచి తల్లి పెట్టే మెసేజి ఆమెకంటే ముందు గుమాస్తా శేషప్ప చదువుతాడు. "అక్కా, మీ అమ్మకు మోకాళ్ళు మళ్ళా నొప్పంట" అని మధ్యాహ్నం క్యారియరు కోసం వచ్చినప్పుడు ఆయనే చెబుతాడు, పాపం, మంచి మనసుతోనే.

ఆ తల్లి వల్లే మూడేళ్ళ కింద ఆమె ఆ గ్రూపులో చేరింది. అమ్మ ఫోన్లో "యాడుండావే" అని కొడితే కీబోర్డు దాన్ని దిద్ది ఇంకేదో చేసేది. అమ్మకు చిరాకొచ్చి మెసేజీలే మానేసింది. అప్పుడు రాజశ్రీ వెతికి వెతికి ఒక తెలుగు కీబోర్డును పట్టుకుంది. కంపెనీ చేసింది కాదు. ఎక్కడెక్కడివాళ్ళో నలభైమంది ఖాళీ వేళల్లో కూర్చుని చేసింది, ఆ గ్రూపు వాళ్ళదే. దాని లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు, నచ్చినట్టు బాగు చేయొచ్చు. పాత ల్యాప్‌టాప్ దుమ్ము దులిపి, తన సీమ మాటలు రెండు వేలు అందులోకి ఎక్కించింది. యాడ, ఈడ, ఉండాది, బొరుగులు, దబర. ఇప్పుడు అమ్మ "యాడుండావే" అంటే అది అట్లాగే వస్తుంది.

గ్రూపువాళ్ళు మీసం ఫొటో చూసి "స్వాగతం భరతన్నా" అన్నారు. నేను భరత్ కాదని ఆమె రాసింది కూడా. పంపబోయి, మండీ కంప్యూటరు గుర్తొచ్చి చెరిపేసింది. ఆ మాట శేషప్ప చదివి, మామగారి దాకా వెళ్ళి, రాత్రి అన్నాల దగ్గర పంచాయితీ అయితే ఉన్న కాస్త చోటూ పోతుందనుకుంది. ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. భరతన్నగా ఉండటం మొదట్లో సుఖంగానే అనిపించింది. బెంగుళూరు ఆఫీసులో ఒక మాటను మూడుసార్లు చెప్పేది, నాలుగోసారి పక్క సీటు మగాయన అదే మాటంటే అందరూ తలలూపేవాళ్ళు. ఇక్కడ భరతన్న ఒక్కసారి చెబితే చాలు, వినేవాళ్ళు.

ఆ సుఖం మొన్న ఉగాదితో తీరిపోయింది. గ్రూపును నడిపే ధనుంజయ, అనంతపురం వాడు, బెంగుళూరులో ఉద్యోగం, కొత్త కీబోర్డు విడుదల చేస్తూ భరతన్న లేకపోతే ఇది లేదని పెద్ద ఉత్తరమే రాశాడు. రాజశ్రీ గిన్నెలు తోమే చేతులు తుడుచుకుని ఫోను తీసేలోపు మండీ నుంచి జవాబు వెళ్ళిపోయింది. రెండు దండాల బొమ్మలు, "అంతా మీ అభిమానం". మధ్యాహ్నం అన్నంలో చారు కలుపుకుంటూ భరత్ ఒకటే నవ్వు. "నేనేం జేసినానో నాకే తెలీదుమా, ముప్పైమంది దండం పెడతాండారు!" అమృతవల్లి కూడా నవ్వింది. రాజశ్రీ ఇంకో గరిటె చారు పోసింది. వంటింట్లోకి వెళ్ళాక ఆమెకు ఏడుపొచ్చింది, ఆపుకోలేనంత. ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకుందామన్నా ఆ నంబరులోంచే చెప్పుకోవాలి.

రెండు నెలల కింద ధనుంజయ గ్రూపులో ఒక ప్రశ్న పెట్టాడు. మూడేళ్ళ మన మాటలన్నీ ఎవరి ఫోన్లలో వాళ్ళకు ఇరుక్కుపోయినాయి, కొత్తవాళ్ళొస్తే మొదట్నుంచి చెప్పుకోవాల్సి వస్తోంది, రేపు ఈ యాప్ కంపెనీ రూలు మారిస్తే మనం వీధిన పడతాం, మనకంటూ ఒక చోటు చూసుకుందామా, ఎవరైనా పరిశీలించి చెబుతారా అని. రెండు రోజులు ఎవరూ పలకలేదు. అందరికీ ఉద్యోగాలుంటాయి కదా. మూడోరోజు, ఏ ఉద్యోగమూ లేని, నిమిషం తీరిక లేని రాజశ్రీ నేను చూస్తానంది. కుక్కరు మూడు కూతల మధ్య, పాప ట్యూషన్ గంటలో, అత్త కునుకు తీసే అరగంటలో గ్రూపుకు పనికొచ్చే మూడు యాప్‌లు పెట్టి చూసింది. ఒకదాంట్లో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి. ఒకటి ముచ్చటగా ఉంది గానీ అదీ ఇంకో కంపెనీ చేతిలోదే. మూడోదాన్ని మన సర్వర్లో మనమే పెట్టుకోవచ్చు. పాత ఫోన్లలో కాస్త నిదానం, అంతే. పాత మాటలన్నీ వెతికితే దొరుకుతాయి. చేరడానికి ఫోన్ నంబరు అక్కర్లేదు. ఒక పేరు, ఒక పాస్‌వర్డు.

దాన్నే పరీక్షగా ఏర్పాటు చేసి, పద్నాలుగు పేజీల రిపోర్టు రాసింది. చదివిన వెంకటేశులు అనే అతను గ్రూపులో అన్నాడు: "బాగుంది భరతన్నా, కానీ ఏంటికింత తంటా? అందరం ఈడనే ఉండాం. సొంత ఫోన్ నంబరు లేనోళ్ళు ఈ కాలంలో ఎవరుండారు?" పదిహేడుమంది నవ్వు బొమ్మలు పెట్టారు. రాజశ్రీ దానికి జవాబు నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చెరిపింది.

ఈరోజే, ఆదివారం పది గంటలకు ఓటు. కొత్త చోటు ఎట్లా ఉందో అందరూ చూస్తారని మీటింగు కూడా అందులోనే పెట్టారు. పాతచోటే చాలని ఓటేస్తే రేపటితో ఆమె పని అయిపోయినట్టే. భరతన్న వెళ్ళిపోయాడని గ్రూపంతా బాధపడుతుంది. రాజశ్రీ వెళ్ళిపోయిందని మాత్రం ఒక్కరూ అనుకోరు, ఆమె వచ్చినట్టే ఎవరికీ తెలియదు కాబట్టి.

ఉగ్గాని మీద పుట్నాల పొడి చల్లింది. నాలుగు బజ్జీలు పక్కన పెట్టి భరత్‌కు ప్లేటిచ్చింది, అత్తకిచ్చింది. పదయింది. వంటింటి గుమ్మం పక్కన డైనింగు టేబులు మీద ల్యాప్‌టాప్ తెరిచింది. పరీక్ష కోసం పెట్టుకున్న ఖాతా భరత్ అనే ఉంది. అలవాటుగా తనే పెట్టుకుంది, సిగ్గులేకుండా. దాంట్లోంచి బయటికొచ్చి కొత్తది తెరిచింది. మీ పేరు అని అడిగింది. రాజశ్రీ అని కొట్టింది. పాస్‌వర్డు పెట్టి మీటింగులోకి వెళ్ళింది.

"రాజశ్రీ గారా? కొత్తగా వచ్చినట్టుండారు, నమస్తే మేడం" అన్నాడు ధనుంజయ. "ఒక్క నిమిషం, భరతన్న కోసం జూస్తాండాం. రిపోర్టు ఆయనే చదవల్ల."

"పదీ పదైపాయె గదన్నా, ఓటు పెట్టేద్దాం" అన్నాడు వెంకటేశులు. "నేనడిగిన దానికి ఆయన జవాబే ఇయ్యలేదు. సొంత నంబరు లేనోళ్ళు ఎవరని."

రాజశ్రీ మైకు నొక్కింది.

"నేనుండానన్నా. మూడేండ్లుగా మీరు భరతన్నా అంటాండేది నన్నే. ఆ నంబరు మా ఇంటాయన మండీది. రేపట్నుంచి అది కూడా ఉండదు."

 హాల్లో పేపరు చప్పుడు ఆగింది. ధనుంజయ మైకు తెరిచాడు.

"మరి ఇన్నాళ్ళూ ఏంటికి సెప్పలేదక్కా?"

"ఆడ సెప్తే మండీలో చదువుతారన్నా."

ఈసారి ఒక్కరూ నవ్వు బొమ్మ పెట్టలేదు. తెర మీద ఇరవై మూడు పేర్లు, ఆమెది తప్ప అన్ని మైకులూ ఆపి ఉన్నాయి. ఓటు ఎటు పోతుందో ఆమెకు తెలియదు. పాతచోటే గెలిస్తే వీళ్ళంతా అక్కడికే వెళ్ళిపోతారు, ఈ కొత్త చోట తనొక్కతే తన పేరుతో మిగులుతుంది. అంత ఒంటరితనం మూడేళ్ళలో ఎప్పుడూ తెలియలేదు. అయినా లేవబుద్ధి కాలేదు.

భరత్ ఖాళీ ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తెర వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"ఎవరితో మాట్లాడతాండావు?"

"పనిలో ఉండాను" అంది రాజశ్రీ, మైకు ఆపకుండానే. "ఉగ్గాని దబరలో ఉండాది, పెట్టుకోండి. రేపు మీరు మరిచిపోకుండా ఆ గ్రూపులోంచి బయటికొచ్చేయండి. ఇన్నాళ్ళూ ఆడుండేది మీరే గదా."

తెర వైపు తిరిగి రిపోర్టు మొదటి పేజీ చదవడం మొదలుపెట్టింది.