గొట్టంలో ఎర్రబిళ్ళ

పెంటపాడు చేలో పాతిన తెల్లగొట్టంలోకి తొంగిచూసి భాగ్యశ్రీ నొసలు ముడిచింది. నాట్లు వేసి నెల దాటింది. గొట్టం లోపల నాచు జాడ కూడా లేదు.

చేనులో ఎప్పుడూ నీళ్ళు నిలవుంచకుండా మధ్యమధ్య ఆరబెడితే మీథేన్ వాయువు తగ్గుతుంది. ఆ తగ్గుదలను కార్బన్ క్రెడిట్లుగా విదేశీ కంపెనీలకు అమ్ముతుంది హరితధార అనే సంస్థ. నీటిమట్టం చూసుకునేందుకు ప్రతి చేలోనూ చిల్లుల గొట్టాలుండాలి. అంతా సవ్యమేనని సంతకం పెట్టాల్సింది భాగ్యశ్రీ. ఏలూరులో ఆమె పనిచేసే తనిఖీ ఆఫీసుకు ఫీజు కట్టేదీ హరితధారే.

"ఎండ మండిపోతోంది మేడమ్. కొబ్బరిబోండాలు చెప్పనా?" అన్నాడు హరితధార మేనేజర్ ఉదయ్ కిరణ్.

"చెప్పండి."

అతను అటు తిరగ్గానే పర్సులోంచి బొట్టుబిళ్ళల అట్ట తీసింది. గట్టు వెంట నడుస్తూ ఒక్కో గొట్టంలో, పై అంచుకు కాస్త లోపలగా, ఎర్రబిళ్ళలు అంటించింది.

తాడేపల్లిగూడెంలో భోజనం ఎంతకీ తెమల్లేదు. ఉదయ్ కిరణ్ మాటిమాటికీ ఫోన్ పట్టుకుని హోటల్ బయటికి వెళ్ళాడు.

గణపవరం చేరేసరికి పొద్దు వాలింది. అక్కడి రైతు ఆండాళ్ళు నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"ఏవండీ, మీ మనుషులకి కళ్ళు కనబడవా? ఇందాక వ్యానులో వచ్చి పైరంతా తొక్కేశారు. పెళ్ళిపందిరేమైనా వేస్తున్నారా నా చేలో?"

"పాత గొట్టాలే కదండీ, సర్దారంతే" అంటూ ఉదయ్ కిరణ్ ఆవిణ్ణి బుజ్జగించసాగాడు.

భాగ్యశ్రీ వంగి చూసింది. ఎర్రబిళ్ళ. పక్క గొట్టంలోనూ ఎర్రబిళ్ళే.

ఫోన్‌లో ఫొటోలు తీసి, ఒక గొట్టం పీకి సంచిలో వేసుకుంది. వెళ్ళేముందు భాగ్యశ్రీ ఆండాళ్ళు చెవిలో ఓ మాట చెప్పింది.

ఇంటికి చేరి బాస్ వేదవ్యాస్‌కు ఫోన్ చేసి, అవే గొట్టాలను ఒక చేలోంచి ఇంకో చేలోకి తిప్పి చూపిస్తున్నారని చెప్పింది.

"సంతకం పెట్టేయమ్మా. లేదంటే రేపట్నించి ఆఫీసుకి రావక్కర్లేదు. అంత అనుమానముంటే నైతిక సంఘానికి చెప్పుకో" అన్నాడాయన.

నైతిక సంఘమంటే, ప్రభుత్వం జోక్యం లేకుండా క్రెడిట్ల కంపెనీలు తమ మీద తామే వేసుకున్న కాపలా. అక్కడి గొంతు మెత్తగా పలికింది. "రుజువుందా అమ్మా? మంచిది. ఇంట్లోనే ఉండండి, విచారణాధికారిని పంపిస్తాం."

రాత్రి ఎనిమిదింటికి బెల్లు మోగింది. గుమ్మంలో ఉదయ్ కిరణ్! మెడలో నైతిక సంఘం కార్డు.

"మీరా?"

"ఈ జిల్లాకి నేనేనండీ. మాలో మేం సర్దుకుంటాం, బయటివాళ్ళెందుకు? ఆ గొట్టం ఇప్పించండి."

భాగ్యశ్రీ తెచ్చి ఇచ్చింది. అతను గోటితో బిళ్ళ పీకి, నలిపి పారేశాడు. "హమ్మయ్య. ఇక సంతకమేనా?"

"ఒక్కదానికే అంటించాననుకున్నారా?"

అతని నవ్వు ఆగిపోయింది.

"అట్టంతా ఖాళీ చేశానండీ. మిగతావి చేలోనే ఉన్నాయి. మీ వ్యాను వస్తే దిగనివ్వద్దని ఆండాళ్ళుగారితో చెప్పాను. క్రెడిట్లు కొనబోయే కంపెనీకి ఫొటోలు పంపి, సంతకం పెట్టనని కూడా రాశాను. ఉద్యోగం అంటారా, పోతే పోనివ్వండి."

అతని జేబులో ఫోన్ మోగింది. వ్యాను డ్రైవర్. అవతల డ్రైవర్ గొంతు కన్నా ఆండాళ్ళు కేకలే గట్టిగా వినిపించాయి.