ఏమైందో వచ్చి చెప్పాలి

నేను ఒక బ్లాగును. నాకు తుప్పు పట్టదు, చెద పట్టదు. పాత సామాన్ల బండివాడు నన్ను తూకానికి తీసుకోడు. అయినా నాకూ ముసలితనం వచ్చింది. నన్ను ఉంచిన సైటును ఈ నెలాఖరుకు మూసేస్తున్నారట. ఆ మాట నా తలమీద ఎర్ర పట్టీలో రాసిపెట్టారు.

నన్ను పుట్టించింది వసుంధర. తెనాలి దగ్గర పల్లెలో లెక్కలు చెప్పి, తర్వాత హైదరాబాదులో కంప్యూటర్ పాఠాలు తయారు చేసే కంపెనీలో చేరిన మనిషి. ఒక పనిని కొత్తవాళ్ళకు అర్థమయ్యే పాఠంగా మలచడం అక్కడ ఆమె ఉద్యోగం. దాన్ని ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అంటారు. ఆ పనిలోకి వచ్చేవాళ్ళకు తెలుగులో దారి చెప్పేవాళ్ళు కనబడక, ఒక ఆదివారం మధ్యాహ్నం కుక్కర్ కూతల మధ్య నాలో మొదటి పేరా రాసింది. నాకు వేసిన పసుపు రంగు ఇప్పటి కళ్ళకు మోటుగా ఉంటుంది. అప్పుడు మాత్రం చూసుకుని చూసుకుని మురిసిపోయింది.

జనం వచ్చేవారు. రెండు లైన్లు చదివి "సూపర్ మేడమ్" అని రాసి వెళ్ళేవాళ్ళు కొందరు. పొట్ట తగ్గించే మందులు అమ్ముకునేవాళ్ళు కొందరు. నిజంగా చిక్కులో పడ్డవాళ్ళే చివరిదాకా చదివి ప్రశ్న అడిగేవారు. వసుంధర అందరికీ జవాబిచ్చేది, ఒక షరతు మీద: "చేసి చూశాక, ఏమైందో వచ్చి చెప్పాలి." వాళ్ళు వచ్చి చెప్పింది తర్వాతివాళ్ళు చదువుకునేవారు. నా ఒళ్ళు అలా పెరిగింది.

ఒకసారి ఝాన్సీ అనే అమ్మాయి వచ్చింది. గుంటూరులో ఇలాంటి పాఠాలే చేసే చిన్న కంపెనీలో కొత్తగా చేరిందట. పల్లెల్లో పాల కేంద్రాలకు వెన్న శాతం చూసే మిషన్లు ఇచ్చారు. వాటిని వాడడం అక్కడి ఆడవాళ్ళకు నేర్పే పాఠం ఆమె మొదటి పని.

"అక్కా, పాలలో ఏముంటాయో, మిషన్‌లో ఏ భాగం పేరేమిటో అన్నీ పెట్టాను. ఆ ఆడవాళ్ళకు చూపిస్తుంటే సగం మంది కునుకు తీశారు. మా సార్ 'ఏమ్మా, జోలపాట తయారు చేశావా?' అన్నారు. శుక్రవారం మళ్ళీ చూపించాలి. అదీ పోతే నా ఉద్యోగం పోతుంది. ఇంకేం చేర్చాలక్కా?"

వసుంధర వెంటనే రాసింది: "ఇంకేం చేర్చకు తల్లీ. రేపు పొద్దున్నే పాల కేంద్రానికి వెళ్ళి వాళ్ళ వెనక నిలబడు. నోరు మెదపకు. వాళ్ళ చెయ్యి ఎక్కడ తడబడితే అక్కడ నీ పాఠం మొదలుపెట్టు. మిగతాది తీసెయ్. ఏమైందో వచ్చి చెప్పు."

శుక్రవారం వచ్చింది, పోయింది. ఝాన్సీ రాలేదు. వసుంధర మాటిమాటికీ వచ్చి ఆ ప్రశ్న కింద చూసి వెళ్ళేది. చిక్కు తీరినవాళ్ళు తిరిగి రారని నాకు తెలుసు. తీరనివాళ్ళూ రారు. ఈ పిల్ల ఆ రెంటిలో ఎవరో తెలియకపోవడమే ఆమెకు బాధ. ఏళ్ళు గడిచాయి. జనం వీడియోల వైపు మళ్ళారు. వసుంధర రాయడం మానేసింది. నేనూ నా పసుపు రంగూ మిగిలాం.

మొన్న ఝాన్సీ వచ్చింది.

"అక్కా, గుర్తున్నానా? జోలపాట పిల్లని. మీరు చెప్పినట్టే వెనక నిలబడ్డాను. మిషన్ నొక్కడం వాళ్ళకు వచ్చు. వెనక క్యాన్లతో నిలబడ్డవాళ్ళు 'కానీయమ్మా, కానీయ్' అని తరుముతుంటే, అంకె పడకముందే మిషన్ కింది పాల కప్పు లాగేస్తున్నారు. శాతం తప్పు పడి, పాల డబ్బు దగ్గర ఇక తగువే తగువు. పాఠమంతా ఆ కాస్త ఆగడం మీదే చేశాను. శుక్రవారం ఎవరూ నిద్రపోలేదు. మొదటిసారి కునుకు తీసిన వెంకాయమ్మ గారైతే 'ఈ ముక్క మొదటే చెబితే నేనెందుకు పడుకుంటానే?' అని నన్నే దబాయించారు. ఉద్యోగం నిలబడింది. పనిలో పడి, మీకు చెప్పడం ఎక్కడో జారిపోయింది. ఇవాళ మా దగ్గర కొత్తగా చేరిన పిల్ల 'ఇంకేం చేర్చాలి మేడమ్?' అంది. మీ జవాబు చూపిద్దామని వెతుక్కుంటూ వచ్చాను. వస్తే పైన ఈ ఎర్ర పట్టీ!"

ఆ కబురు వసుంధరకు మెయిల్లో చేరినట్టుంది. సాయంత్రానికి వచ్చింది.

"గుర్తులేకపోవడమేంటే! శుక్రవారం వస్తే చాలు, నువ్వే గుర్తొచ్చేదానివి. ఆ పిల్లనీ వెళ్ళి వెనక నిలబడమను. ఏమైందో వచ్చి చెప్పమను."

"ఎక్కడికి రమ్మననక్కా? ఇది మూసేస్తున్నారుగా."

"నీ దగ్గరికి."

నా అడుగున 'మీ మాట ఇక్కడ రాయండి' అనే ఖాళీ గడి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. నెలాఖరుదాకా అది తెరిచే ఉంటుంది.