మట్టి పిడికిలి

మధ్యాహ్నం నూడుల్స్ తిన్నాక మా ఊరి మ్యూజియంలో అందరూ కునుకు తీస్తారు. డైరెక్టరు ఫాన్ సోఫాలో, గార్డు కుర్చీలో, తక్కినవాళ్లు బల్లల మీద తలవాల్చి. ఆ వేళకే అద్దాల బీరువాలోని మట్టి ఆడరౌతు బొమ్మ, టాంగ్ రాజుల నాటిది, గుర్రం తోలుకుని గోబీ ఎడారి వైపు షికారు పోతుంది. వాళ్లు లేచేసరికి తన చోట తను ఉంటుంది. డెక్కలకంటిన ఇసుక తుడవడం యున్‌షియా పని.

ఆమె అసలు పని బౌద్ధ సూత్రాలు రాసిన పాత కాగితపు చుట్టలు చూసుకోవడం. వాటి గదికి రెండు తాళాలు. ఇద్దరు కలిసి తీస్తేనే తెరుచుకుంటుంది. ఒక తాళంచెవి యున్‌షియా దగ్గర, రెండోది అక్కడే పనిచేసే ఆమె మొగుడు జిన్‌తాంగ్ దగ్గర. ఇంటికి మాత్రం ఒకటే తాళంచెవి, అదీ అతని దగ్గరే.

పాత కాగితాలు అతికే విద్య నేర్చుకోవడానికి లాన్‌జౌ నగరంలో ఆమెకు సీటు వచ్చింది. రెండేళ్ల చదువు, సోమవారం చేరాలి. తాళంచెవి ఎవరికైనా అప్పగించి వెళ్లమన్నాడు ఫాన్. ఆమె అందరినీ అడిగింది. ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఇంకొకరికి పిల్లల పరీక్షలు. ఒక్క చుట్ట పోయినా జైలేనని జిన్‌తాంగ్ ముందే అందరి చెవిలో వేసి ఉన్నాడు.

"నేను వద్దన్నానా? నియమం అలా ఉంది మరి," అన్నాడతను పళ్లు కుట్టుకుంటూ.

ఆ మధ్యాహ్నం డెక్కలు తుడుస్తూ యున్‌షియా రౌతు పిడికిలి చూసింది. తోలు కళ్లెం ఏనాడో చివికిపోయింది. పట్టుకున్న చోట సన్నటి బెజ్జం మిగిలింది. అందులో తాళంచెవి పెట్టింది. మట్టివేళ్లు మెల్లగా బిగుసుకున్నాయి.

ఫాన్ వచ్చి చూసి, రౌతును చూపిస్తూ గార్డును అడిగాడు. "ఈవిడ ఎప్పుడైనా ఆలస్యంగా వచ్చిందా?"

"లేదండీ. నేనే వస్తుంటాను," అన్నాడు గార్డు.

జిన్‌తాంగ్ మొహం ఎర్రబడింది. "ఫాన్ గారూ, రోజూ ఊరిమీద తిరిగే ఆడదాని చేతికా తాళంచెవి?"

"తిరిగొస్తోందిగా," అన్నాడు ఫాన్ ఆవులిస్తూ.

ఆదివారం మధ్యాహ్నం యున్‌షియా బస్సెక్కింది. ఊరు దాటాక గులకరాళ్ల నేల మీద గుర్రం కనిపించింది, బస్సుకు సమంగా పరిగెడుతూ. రౌతు పిడికిట్లో ఇత్తడి తాళంచెవి ఎండకు తళుక్కుమంటోంది. మ్యూజియంలో ఈపాటికి అందరూ నిద్రలేచి ఉంటారు. జిన్‌తాంగ్ ఒంటి తాళంచెవితో చుట్టల గది తలుపు ముందు నిలబడి ఉంటాడు.

గుర్రం ఇంకా బస్సు పక్కనే వస్తోంది.