జరిమానా చీటీయే కదా

నిరుద్యోగ భృతి విచారణ ఫోను కోసం ఆర్లిస్ కాచుకుని కూర్చుంది. వంటింటి బల్ల మీద ఫోను, ఎదురుగా తమ్ముడు వెర్న్.

"మళ్లీ చెప్తున్నా అక్కా. మన విస్కాన్సిన్‌లో మొదటిసారి తాగి నడిపితే జైలు లేదు, జరిమానా చీటీయే. వేగంగా పోతే రాసిచ్చే చీటీ లాంటిదే. అందుకే కంపెనీకి చెప్పాలని తోచలేదని చెప్పు."

"నమ్ముతారంటావా?"

"నమ్ముతారు. నీ నోరు మాత్రం కాస్త కట్టిపెట్టుకో."

పాల ట్యాంకరు నడిపే ఉద్యోగం పోయి నెల దాటింది. అంతకుముందు ఒక శుక్రవారం ఊళ్లో చేపల విందులో బ్రాందీ కాస్త ఎక్కువై, సొంత బండిలో ఇంటికొస్తూ పోలీసులకు దొరికింది. సోమవారం ఎవరికీ చెప్పకుండా ట్యాంకరెక్కింది. ఇలాంటిది జరిగితే మళ్లీ బండెక్కేలోపే చెప్పాలన్నది కంపెనీ నియమం. సంగతి బయటపడగానే తీసేశారు. కావాలనే దాచిందని తేలితే నిరుద్యోగ భృతి రాదు. అది రాకపోతే ఈ చలికాలం ఇల్లు వెచ్చబెట్టుకునే దారి లేదు.

ఫోను మోగింది. లైన్లో భృతి ఆఫీసు విచారణాధికారిణి, కంపెనీ తరఫున మేనేజరు గోర్డన్. నిజమే చెబుతామని ఇద్దరిచేతా ప్రమాణం చేయించాక, ఆర్లిస్ తమ్ముడు నేర్పిన మాటలు అప్పజెప్పింది. అధికారిణి గోర్డన్‌ను అడిగింది.

"గోర్డన్ గారూ, వేగం చీటీలు పడితే మీ డ్రైవర్లు మీకు చెబుతారా?"

"అందరూ చెప్పరండీ. ఆర్లిస్ చెప్తుంది. సొంత బండి మీద పడ్డా సరే, పొద్దున్నే వచ్చి ఆ పోలీసు ఎలా నడిచాడో, ఎలా సణిగాడో చేసి చూపిస్తుంది. మావాళ్లంతా పని ఆపేసి నవ్వాల్సిందే. ఏదీ కడుపులో దాచుకునే మనిషి కాదండీ. ఆ మాట రాసుకోండి."

అతను మేలే చేయబోయాడు. వెర్న్ తల పట్టుకున్నాడు.

"ఆర్లిస్ గారూ, మరి ఈ చీటీ సంగతి ఎందుకు చెప్పలేదు?"

ఆర్లిస్ తమ్ముడి వైపు చూసింది. వెర్న్ పెదవుల మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు.

"ఇది చెప్తే ఎవరూ నవ్వరండీ."

"అంటే?"

"పని పోతుందని తెలుసు."

అవతల కీబోర్డు టకటకలాడింది. ఆ చప్పుడు ఎంతకీ ఆగలేదు.