ఐదున్నర మనిషి

మా ఆయన పోయిన పదకొండో రోజున, ఆయన దగ్గర రేడియో పని నేర్చుకున్న పరదేశిని పెరట్లోకి పిలిచి ఒక్క మాట అడిగాను. పొద్దున్నే ఐదున్నరకి సారు రేడియోలో మాట్లాడేది ఎవరితో అని. "ఎవరెవరో ఉంటారమ్మగారూ, ఒకలని ఏటి సెప్తాం," అంటూ పరదేశి నా మొహం తప్ప పెరడంతా చూశాడు. నా కళ్ళలోకి చూడకుండా మాట్లాడేవాణ్ణి నేను నమ్మను. ఇదేమిటో తేల్చుకునేదాకా వదిలేది లేదని ఆ రోజే అనుకున్నాను.

మా ఆయన లక్ష్మీనరసింహం గారు చోడవరం చక్కెర ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. సిగరెట్టు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా హామ్ రేడియో పిచ్చి. లైసెన్సు తీసుకుని, ఇంట్లో కూర్చుని, ఎక్కడెక్కడి వాళ్ళతోనో రేడియోలో కబుర్లు చెప్పుకునే సరదా అది. పెళ్ళికి ముందు మద్రాసు మూర్ మార్కెట్లో కొన్నారట ఆ సెట్టు. పంపడం, వినడం రెండూ ఒకే పెట్టెలో. లోపలంతా గాజు వాల్వులు. మైకు ఉన్నా ముట్టేవారు కాదు. ఇత్తడి మీట ఒకటి ఉంటుంది, కీ అంటారు, దాని మీద టకటకా మోర్స్ కొట్టేవారు, పాతకాలం టెలిగ్రాముల భాష. చెవులకు హెడ్‌ఫోన్లు. అవతలివాళ్ళు ఏమంటున్నారో పక్కన నిలబడ్డా తెలియదు.

ఇంట్లో నాతో పది మాటలు మాట్లాడని మనిషి, ఆ గదిలో గంటసేపు కొట్టేవారు. అదీ రోజూ ఒకే వేళకి. జ్వరమొచ్చినా, పెళ్ళికెళ్ళాల్సి ఉన్నా ఆ వేళ తప్పేది కాదు. అయ్యాక ముసిముసిగా నవ్వుకుంటూ కాఫీకి వచ్చేవారు. ఏమిటా నవ్వు అంటే "ఏం లేదోయ్" అని పేపరు తెరిచేవారు. ఏమీ లేనిదానికి ఎవరైనా ముప్ఫై ఏళ్ళు నవ్వుతారా?

అదీ సర్దుకున్నాను. సర్దుకోలేనిది ఆసుపత్రిలో జరిగింది. అప్పటికి నెల ముందే సెట్టులోంచి పొగ వచ్చి ఆగిపోయింది. బాగుచేసుకుందామనుకునేలోపే ఈయన మంచాన పడ్డారు. ఒకరోజు తెల్లవారుతుండగా కునుకులోంచి లేచి చూస్తే, ఆయన ఎడమచెయ్యి నా చేతిలో ఉంది. కుడిచేతి వేలు మంచం కమ్మీ మీద కొడుతోంది. టక టకటక టక. పక్కన పెళ్ళాన్ని నేనుంటే, ఎవరికి చెబుతున్నారు ఆ కబురు? నాకు కడుపు మండిపోయింది. మూడో రోజుకి ఆయన లేరు. ఇంక ఎవర్ని అడుగుతాను?

అందుకే సెట్టు బాగుచేయించాలనుకున్నాను. సెట్టు పలికితే ఆ ఐదున్నర మనిషి పలుకుతుంది. పలుకుతుంది అనే అనుకునేదాన్ని, పలుకుతాడు అని కాదు. మగవాడితో కబుర్లయితే మా ఆయన అంత నవ్వేరకం కాదు.

పరదేశికి బస్టాండు దగ్గర టీవీలూ మిక్సీలూ బాగుచేసే షాపు ఉంది. మోర్స్ నేర్పి, దగ్గరుండి లైసెన్సు పరీక్ష రాయించింది మా ఆయనే. వాల్వుల సెట్టు తెలిసినవాడు ఈ చుట్టుపక్కల వీడొక్కడే. కబురు పెడితే వారానికి వచ్చాడు.

"సెట్టు షాపుకి అట్టుకెల్తానమ్మగారూ, అక్కడైతే సామాన్లన్నీ ఉంటాయి."

"అక్కర్లేదు. సామాన్లే ఇక్కడికి తెచ్చుకో. హాల్లో బల్ల వేయిస్తాను."

అలా మొదలైంది. నేను కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చునేదాన్ని. పని కళ్ళెదుటే జరిగితే ఎవరి మీదా అనుమానం ఉండదు కదా. మూత విప్పితే లోపల బొద్దింకలు, ఎలుక కొరికిన తీగలు. ఎండిపోయిన కండెన్సర్లు ఒక్కొక్కటే ఊడదీసి కొత్తవి అతికించాడు. వాల్వులన్నీ పీకి, వాటి కాళ్ళు స్పిరిటుతో తుడిచాడు. ఒకేసారి కరెంటిస్తే మళ్ళీ పొగ వస్తుందని, మధ్యలో వంద వాట్ల బల్బు పెట్టి మెల్లగా ఇచ్చాడు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే లోపల షార్టు లేదని అర్థమట. మందగించింది. వాల్వుల్లో ఎర్రగా దీపాలు లేచాయి.

పని బాగానే చేస్తున్నాడు. అయినా వాడి వాలకం నాకు నచ్చలేదు. రెండు రోజులు వస్తే నాలుగు రోజులు రాడు. అడిగితే చీడికాడలో ఎవరిదో మోటారంటాడు, దేవరాపల్లిలో పెళ్ళంటాడు. పని అయిపోవస్తున్న కొద్దీ మనిషి దిగాలుపడుతున్నాడు. ఒకరోజు వాడు వెళ్ళబోతుంటే సెట్టులోకి తొంగి చూశాను. వెనకవైపు అన్నిటికంటే పెద్ద వాల్వు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"పరదేశీ, ఆ సంచి ఇలా తే."

"ఏటమ్మగారూ?"

"తే అంటున్నాను."

టిఫిను బాక్సు పక్కన, చేతిరుమాల్లో చుట్టి ఉంది వాల్వు. షాపులో టెస్టు చెయ్యడానికట. అది లేకపోతే సెట్టు వింటుంది కానీ పంపలేదని వాడే అంతకు ముందు నాకు చెప్పాడు. అంటే సెట్టు నోరు నొక్కడానికి చూస్తున్నాడు. అమ్ముకోవడానికి కాదు, అదైతే నాకింత భయం వేసేది కాదు. ఆవిడెవరో వీడికి తెలుసు. సారు పరువు కాపాడుతున్నాడు.

"టెస్టు ఇక్కడే చేసుకో," అని వాల్వు నా బీరువాలో పెట్టి తాళం వేశాను. వాడు వచ్చినప్పుడు తీసిచ్చి, వెళ్ళేటప్పుడు మళ్ళీ లోపల పెట్టేదాన్ని.

వాడికి తెలియని సంగతి ఒకటి ఉంది. నేను మోర్స్ నేర్చుకుంటున్నాను. ఫోన్లో నేర్పే యాప్ ఒకటి దొరికింది. చెవిలో పెట్టుకుని కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ వినేదాన్ని. పనికి వచ్చే చిన్నతల్లి నా పెదాలు కదలడం చూసి "అమ్మగారు జపం సేస్తన్నారు" అని వీధంతా చెప్పింది. చెప్పుకోనీ. పరదేశి రేపు అవతలి మాటకి అర్థం చెబుతాడు, నిజమో కాదో నాకెలా తెలుస్తుంది? ఈ వయసులో తల బద్దలైపోయింది కానీ, మెల్లగా కొడితే అక్షరాలు పట్టుకోగలిగాను.

ఆఖరున పరదేశి సెట్టుకి ఏరియల్ తీగ తగిలించి, తన చిన్న రేడియోలో విని చూసుకున్నాడు. మొహం చిట్లించాడు.

"దీనికో జబ్బుందమ్మగారూ. కీ నొక్కగానే సౌండు కిందనుంచి పైకి జారతాది, పిచ్చిక కూసినట్టు. లోపల ఓల్టేజీ నిలబెట్టే వాల్వు ముసిలిదైపోయింది. కొత్తది ఏసేస్తే సాపుగా వస్తాది."

"ఎప్పుడూ ఇలాగే కూసేదా?"

"సారుండగా ఇలాగే. మార్సుదామని ఎన్నిసార్లు సెప్పినా వొద్దనేవోరు. ఈ కూత ఇంటే సాలు, పేరు సెప్పక్కర్లేదు, సారు సెట్టని ఎవులైనా పోల్సేస్తారు."

అది అన్నాక నాలిక్కరుచుకున్నాడు. నేను చూశాను.

"అయితే అది ముట్టుకోవద్దు. అలాగే ఉండనీ. రేపు పొద్దున్న ఐదింటికల్లా రా."

"అమ్మగారూ, సారు కాల్‌సైన్, అదే ఆరి లైసెన్సు పేరు, మనం వోడకూడదు. తప్పు."

"నీది వాడుకో. నాకు కావలసింది కూత."

ఆ రాత్రి నేను నిద్రపోయానంటే అబద్ధం. ఆవిడ మాట వింటే ఏం చేస్తానో నాకే తెలియదు. తిడతానా, ఏడుస్తానా? ముప్ఫై ఏళ్ళ కాపురం నాది అవునో కాదో రేపు తేలిపోతుందని మాత్రం తెలుసు.

పొద్దున్న పరదేశి వచ్చాడు. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పడేసి స్పీకరు పెట్టమన్నాను. వాల్వులు వేడెక్కాక వాడు కీ మీద చెయ్యి పెట్టి నా వైపు చూశాడు. కొట్టమన్నాను. తన కాల్‌సైన్ కొట్టి ఆపాడు.

స్పీకర్లో బరబరమని హోరు. అంతలోనే, పక్కింట్లో కాచుకుని కూర్చున్నట్టు, జవాబు వచ్చింది. మెల్లగా, ఒద్దికగా, ఒక్కొక్క అక్షరం విడదీసి కొడుతున్నారెవరో. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. ఇన్నాళ్ళు ఏమైపోయారు, అని మొదలైంది. పరదేశి కాల్‌సైన్ పట్టించుకోనే లేదు. ఆ తర్వాత వి వచ్చింది. ఏ, ఎల్, ఎల్, ఐ.

వల్లి.

నా పేరు కనకవల్లి. వల్లీ అని పిలిచింది మా అమ్మ ఒక్కతే, ఆవిడా పోయింది. మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తే లేదు. స్పీకరు దగ్గరికి జరిగి మిగతాది విన్నాను. వల్లి మోకాలు ఎలా ఉంది?

పరదేశి గొంతు సవరించుకున్నాడు. "ఎవులో ముసిలాయనమ్మగారూ. అక్కడ వోన పడతందంట. మనకేటి వోతావరణం అని అడుగుతన్నాడు."

"మోకాలిలో వాన పడుతోందా పరదేశీ?"

వాడి మొహం మాడిపోయింది. నా వైపు, స్పీకరు వైపు, మళ్ళీ నా వైపు చూశాడు.

"ఎవరావిడ? ఇంకొక్క అబద్ధం ఆడితే గడప తొక్కనివ్వను."

"మంగాయమ్మగారని, ఖరగ్‌పూర్లో ఉంటారు. రైల్వేలో టెలిగ్రాఫులో సేసి రిటైరైపోయేరు. మన సీకాకులం వైపోలే. సారూ ఆవిడా ఒకల్నొకలు సూసుకోనేలేదమ్మగారూ, ఒట్టు. సారు పోయేరని ఆవిడకి తెల్దు. ఉత్తరం రాద్దామని ఎన్నిసార్లు కూకున్నానో, సేతులు రానేదు. మీరింటే అపార్థం సేసుకుంటారని ఆ వాల్వు తీసేసేను."

"నా మోకాలి గొడవ ఆవిడకెందుకు?"

"నా రేడియోలో ఇనేవోణ్ణి, సారు సెప్పేదంతా మీ గురించే కదమ్మగారూ. మీరు కోప్పడితే సెప్పేవోరు, పులుసు బాగుంటే సెప్పేవోరు. బాత్రూములో పడిపోయి మీరు మోకాలు పట్టుకుని మెట్లెక్కుతుంటే సూడలేకపోతన్నానని ఎన్నాళ్ళు సెప్పేరో. ఆవిడేదో నూనె కూడా సెప్పేరు."

ఆ నూనె నాకు తెలుసు. సీసా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయారు. షాపువాడు అంటగట్టి ఉంటాడనుకున్నాను. పడిన రోజున "డాక్టరు దగ్గరికి వెళ్ళకపోయావా" అన్నారు, పేపర్లోంచి తల ఎత్తకుండా. అంతే, మళ్ళీ అడగలేదు. పరదేశి మాటలు విని నాకు సంతోషం కలిగిందని చెబితే అబద్ధం. ఒళ్ళు భగ్గున మండింది. చూడలేకపోతున్నానని ఎక్కడో ఖరగ్‌పూరుకి చెప్పిన మనిషికి, అటు గదిలోంచి ఇటు వంటింట్లోకి వచ్చి చెప్పడానికి ఏం అడ్డొచ్చింది? ఆయన బతికుంటే ఆ కీ తీసి నెత్తిన కొట్టేదాన్ని.

స్పీకరు మళ్ళీ మొదలుపెట్టింది. వల్లి కులాసాయేనా? ఆపి, మళ్ళీ అదే. ఆవిడకి కంగారు పుట్టినట్టుంది, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"చెప్పు పరదేశీ. సారు లేరని చెప్పు."

వాడు కీ మీద చెయ్యి పెట్టి, తీసేసి, కండువాతో మొహం కప్పుకున్నాడు.

"లే అక్కణ్ణించి."

"లైసెన్సు లేకుండా మీరు కొట్టకూడదమ్మగారూ."

"వచ్చి పట్టుకెళ్ళమను."

కూర్చున్నాను. ఇత్తడి మీట చల్లగా ఉంది. ఎప్పుడూ ఫోను అద్దం మీద కొట్టడమే కానీ ఇలాంటిది ముట్టలేదు. ఒక అక్షరం తప్పు పోయింది, మళ్ళీ మొదటినుంచి కొట్టాను. ఆయన లేరు. పోయారు.

అవతల ఏమీ లేదు. ఉత్త హోరు. ఆవిడ ఏడుస్తోందనుకున్నాను. నాకు ఆవిడ మీద కోపం ఉండాల్సింది, కొంచెం ఉంది కూడా. కానీ అక్కడ కూర్చుని ఆ హోరు వింటుంటే, ఈ ఊళ్ళో ఎవరి దగ్గరా రాని ఏడుపు నాకూ వచ్చింది.

చాలాసేపటికి, మీరెవరు, అని వచ్చింది.

వల్లి, అని కొట్టాను.

తర్వాత చాలా మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు, ఒకే మాట కొట్టింది. మోకాలు?

ఆయన పోయాక పరామర్శకి వచ్చినవాళ్ళంతా పింఛను సంగతి అడిగారు, ఇల్లేం చేస్తావని అడిగారు. ఇది ఎవరూ అడగలేదు. బాగానే ఉందని కొడదామని కీ మీద వేలు పెట్టాను. చెయ్యి వేరేది కొట్టింది. నొప్పి, అని కొట్టాను. వినపడిందో లేదో అని మళ్ళీ కొట్టాను, ఈసారి తప్పులు లేకుండా. చాలా నొప్పి.