ఖాళీ కుర్చీని తోసిన మనిషి

అయినా, కూర్చుంటే ఆయన సొమ్మేం పోయేది? జీవితమంతా జనాన్ని కూర్చోబెట్టి తోసినవాడే కదా. ఆస్పత్రిలో స్ట్రెచర్లూ చక్రాల కుర్చీలూ తోసే ఉద్యోగం. కాలు విరిగినవాళ్ళనీ, నెలలు నిండినవాళ్ళనీ, కళ్ళకి కట్లు కట్టినవాళ్ళనీ కుదుపు తెలియకుండా తీసుకెళ్ళేవాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు. నాన్న దగ్గర ఆ సామెత కూడా చెల్లదు. ఇంట్లోనూ బయటా పల్లకీ మోసింది ఆయనే. ఎక్కమంటేనే ఎక్కడలేని నామోషీ.

ముందు వరసలో కూర్చున్న పెద్దకూతురు చేతిరుమాలు వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో నాన్న సంస్మరణ సభ. పెద్ద డాక్టరు మైకు ముందు నిలబడి, "అలాంటి సేవామూర్తి మళ్ళీ పుట్టడు" అంటున్నాడు. పుట్టకపోతేనే మంచిది, అనుకుంది ఆవిడ. ఇంకో కూతురి ప్రాణం హాయిగా ఉంటుంది.

అమ్మ పోయాక ఇద్దరాడపిల్లల్నీ ఆయనే పెంచాడు. జడలు వేశాడు, బూట్లకి పాలిష్ పెట్టాడు, జ్వరమొస్తే మంచం పక్కనే కూర్చున్నాడు. తనకి జ్వరమొస్తే మాత్రం తలుపేసుకునేవాడు. మంచినీళ్ళు తెస్తానంటే, "నువ్వు పడుకోమ్మా, నేను చూసుకుంటాలే" అనేవాడు. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. కింద చెయ్యి చాపి చాపి ఆవిడకి విసుగెత్తింది. తిరిగి ఏమీ పుచ్చుకోని ప్రేమ దానంలా ఉంటుంది. దానం ఎవడిక్కావాలి?

ఆయన మోకాళ్ళు అరిగిపోయాక ఆవిడే చక్రాల కుర్చీ కొంది. ఆవిడది కుట్టుపని, కూర్చోడానికి మెత్తటి దిండు కూడా కుట్టింది. నాన్న కుర్చీ చుట్టూ తిరిగి, చక్రం తిప్పి చూసి, "మంచి బండే" అన్నాడు. మర్నాటి నుంచి కూరల సంచీని ఆ దిండు మీద కూర్చోబెట్టి, తను వెనక నుంచి తోసుకుంటూ బజారుకెళ్ళి రావడం మొదలుపెట్టాడు.

"ఏం బాబాయ్, వంకాయలకి ఒంట్లో బాగాలేదా?" అని వీధంతా నవ్వేది.

"వాటికి నడక రాదు కదరా మరి," అనేవాడు.

నవ్వనిది ఆవిడ ఒక్కతే. "ఒక్కసారి కూర్చో నాన్నా, నేను తోస్తాను" అని అడిగింది, బతిమాలింది, అలిగి అన్నం మానేసింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదన్నట్టు, తనంతట తను కూర్చోడు, ఇంకొకళ్ళని కూర్చోబెట్టనివ్వడు. చివరికి ఆ కుర్చీ వెనకే, వీధి వాలులో, మోకాళ్ళు కూలి పడిపోయాడు. కుర్చీ కాస్త దూరం దొర్లి బుద్ధిగా ఆగింది. ఒక్క వంకాయ కూడా కిందపడలేదు. తుంటి విరిగిన నాన్న మాత్రం ఆస్పత్రి నుంచి మళ్ళీ ఇంటికి రాలేదు.

"ఎవర్నీ ఏదీ అడగని మనిషి," అంటూ డాక్టరు ముగించాడు. "ఇప్పుడు వారి పెద్దమ్మాయి మాట్లాడతారు."

ఆవిడ లేచింది. మైకు సరిచెయ్యబోయినవాళ్ళని ఆపి తనే వంచుకుంది.

"డాక్టరుగారు చెప్పింది నిజం. మా నాన్న ఎవర్నీ ఏదీ అడగలేదు. మీరంతా దాన్ని గొప్పంటున్నారు. నేను పొగరంటాను. ఆ పొగరే ఆయన్ని చంపింది."

చప్పట్లకి సిద్ధమైన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఆవిడ ఎవరి మొహమూ చూడకుండా వెనక వరండాలోకి వెళ్ళి బెంచీ మీద కూలబడింది.

వెనకాలే వార్డు ఆయమ్మ వచ్చింది. నాన్నతో కలిసి పనిచేసిన మనిషి.

"బాగా కడిగేశావే తల్లీ. ఆయనే ఉంటే మైకు వైరు పీకేసేవాడు." పక్కన కూర్చుంది. "కానీ ఒకటి చెప్తాను. మీ నాన్న కూర్చున్నాడమ్మా."

"ఎక్కడ?"

"ఇక్కడే, వార్డు చక్రాల కుర్చీలో. పోయే ముందురోజు. నువ్వు మందులకి వెళ్ళావు. 'ఒక్కసారి అలా తిప్పుకు రావే' అన్నాడు. నేనూ నర్సమ్మా ఎత్తి కూర్చోబెడితే వరండా చివరిదాకా తోశాను. దారంతా ఒకటే నస. మలుపులో నెమ్మదీ, గడప దగ్గర వెనక్కి తిప్పూ అని. తిరిగొచ్చాక 'బాగుందే ఇది, ఇన్నాళ్ళూ తెలియలేదు' అన్నాడు."

ఆవిడ చెవులు వేడెక్కిపోయాయి. "నేనడిగితే లేదే ఆ బాగు! నేను పరాయిదాన్నా?"

"నేనూ అదే అన్నాను. 'తల్లి పోయినప్పటి నుంచి పెద్దది నన్ను పట్టుకునే నిలబడింది. నేను కూర్చుండిపోతే అదెక్కడ నిలబడుతుంది?' అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు కూడా."

"మరెందుకు చెప్పావ్?"

"నాకు నోరాగదని ఆయనకి తెలీదా ఏంటి?"

లోపల్నుంచి ఎవరో కేకేస్తే ఆయమ్మ వెళ్ళిపోయింది. ఆవిడ కోపం చల్లారలేదు, ఇంకా రాజుకుంది. తనకి బలం లేదని తనని అడక్కుండానే తేల్చేశాడు! నలభై దాటిన కూతుర్ని ఇంకా జడ వెయ్యాల్సిన పిల్లలాగే చూసి, ఆ పిల్ల కోసం వీధిలో పడి పోయాడు. ఎవరడిగారు ఈ త్యాగం?

చెల్లెలు వచ్చింది. తిట్టడానికి వచ్చిన మొహమే, కానీ అక్క పాదాలు చూసి ఆగిపోయింది. పొద్దుటి నుంచి హాల్లో కుర్చీలన్నీ ఒక్కతే వేసి, నీళ్ళ డబ్బాలన్నీ ఒక్కతే మోసి, కాళ్ళు పొంగిపోయాయి. చెప్పు పట్టీ చర్మంలోకి దిగి కోసుకుంది. చెల్లెలు నేల మీద గొంతుక్కూర్చుని పట్టీ మీద చెయ్యి వేసింది.

"వదిలెయ్, నేను చూసుకుంటాలే." ఆవిడ కాలు బెంచీ కిందకి లాగేసుకుంది.

"చూసుకో. కుర్చీ ముట్టుకుంటే కసిరావు, డబ్బా ముట్టుకుంటే కసిరావు. నీకూ పెట్టిస్తాలే అక్కా ఓ సభ. అప్పుడు నేనూ మైకులో పొగరంటాను."

చురుక్కుమంది. తిరిగి అనడానికి మాట నోటిదాకా వచ్చింది, మంచి పదునైన మాటే. కానీ చెల్లెలు లేవలేదు. ఎదురుచూడనట్టు నటిస్తూ ఎదురుచూస్తోంది. ఆ మొహం ఆవిడకి తెలుసు. ఇన్నేళ్ళూ నాన్న ముందు తను పెట్టిన మొహమే అది.

నాన్న మీద కోపం అలాగే ఉంది. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. పళ్ళు బిగబట్టి, ఆవిడ బెంచీ కింద నుంచి కాలు ముందుకి చాపింది.